తూకానికి పోయిన చక్రం

కిలో ఇరవై ఏడు రూపాయలకి అమ్మాను.
కాలి మిషను. చెక్క బల్ల ఊడదీస్తే
ఒట్టి ఇనుము పద్దెనిమిది కిలోలు.
తూకం వేసినవాడు బురద బరువని కిలో కొట్టేశాడు.
నేనేమీ అనలేదు.
ఆ వారం సింగ్‌నగర్‌లో
బేరమాడే గొంతు ఎవరికుంది?

బుడమేరు ఇంట్లోకొచ్చి ఆరు రోజులు కూర్చుంది,
అప్పు వసూలుకి వచ్చిన మనిషిలా, గడప దిగకుండా.
పెళ్లివారి జాకెట్లు పదకొండు,
ఒకళ్ల రంగు ఇంకొకళ్లకి అంటించి,
కొలతల పుస్తకంలో
ఎవరి భుజం ఎంతో, ఎవరి నడుం ఎంతో
అంతా ఒకటే నీలం చేసి పోయింది.

ఎండలు ముదిరాక
ఆటోనగర్ నుంచి ఖాజావలి కబురు పెట్టాడు:
"నాంచారమ్మక్కా, ఒకసారి వచ్చి చూసి పో.
తిట్టాలనిపిస్తే తిట్టు."

షెడ్డులో నిలబడి ఉంది,
నాకంటే రెండు మూరలు ఎత్తు.
కొంగ.
మెడంతా బైకు చైనులు.
రెక్కలు ఫ్రిజ్ తలుపులు, ఒకదాని మీద
ఎవరి పిల్లలో అంటించిన మామిడిపండు స్టిక్కరు
ఇంకా అలాగే.
పొట్ట దగ్గర, బోలుగా వదిలిన చోట
నా చక్రం.

నాదే. ఒక ఆకు విరిగితే
మా మేనమామ ఇత్తడితో అతికించాడు,
ఆ పచ్చటి మచ్చ.
పందొమ్మిదేళ్లు నా కుడికాలి బొటనవేలు
ఎరిగిన మచ్చ.

తిట్టలేదు.
"తిరుగుతుందా?" అన్నాను.
వెల్డింగ్ అద్దం నుదుటి మీదకి నెట్టి
"గాలికి తిరగాలనే పెట్టానక్కా,
తుప్పు. మొరాయిస్తోంది" అన్నాడు.

ఇప్పుడది ఏలూరు కాలువ గట్టున ఉంది.
చుట్టూ కంచె, పక్కన కార్పొరేషన్ బోర్డు:
చెత్త నుండి సౌందర్యం. తాకరాదు.
చెత్త అన్న మాట దగ్గర
పంటికింద గుండుసూది తగిలినట్టుంటుంది.
ఆ ఫ్రిజ్జులో ఎవరింటి పెరుగో తోడుకునేది.
ఫోటోలు దిగే కుర్రాళ్లకి చెప్పాలనుకుంటాను.
చెప్పను.

ఆదివారాలు తెల్లారకముందే వెళ్తాను.
కంచె సందులోంచి చెయ్యి దూర్చి,
పొడుగు మూతి డబ్బాతో
ఇరుసులో మూడు చుక్కలు మిషను నూనె.
వాచ్‌మన్ అటు తిరిగి బీడీ వెలిగించుకుంటాడు.

మొన్న కాలువ మీద గాలి లేచింది.
చక్రం ఒకసారి మూలిగింది.
సగం తిరిగి ఆగింది.
మళ్లీ కదిలింది.

చెప్పులో నా కుడికాలు
నన్నడక్కుండానే
తొక్కడం మొదలుపెట్టింది.