ఖాళీ బరువు

లారీ వచ్చి కాటా ఎక్కుతుంది.
ముందు ఖాళీగా, తర్వాత బొగ్గుతో.
రెండు చీట్లు. ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తే
మిగిలిందే సరుకు.
పదకొండేళ్లుగా పోర్టులో నా పని ఇదే,
తేడా వస్తే జీతంలో కోస్తారు.

నా సంగతికొస్తేనే లెక్క కుదరదు.

రాత్రి ఒకటీ నలభై.
ఎనిమిదింటికి తిన్న అన్నం, వంకాయ కూర
ఇంకా కడుపులోనే ఉన్నాయి, నాకు తెలుసు.
అయినా చెయ్యి సొరుగులోకి పోతుంది.
పూర్ణా మార్కెట్లో కొన్న కారప్పూస,
పావుకిలో పొట్లం,
రెండు లారీలు దాటేలోగా అయిపోతుంది.
రుచి మొదటి గుప్పెడుకే. తర్వాతదంతా
పళ్ల కింద చప్పుడు.
ఆ చప్పుడు కోసమే తింటానేమో,
గదిలో ఇంకో చప్పుడు లేదు.

పక్క కుర్చీ నూకరత్నానిది.
మనిషి ఎక్కడికీ పోలేదు,
కొడుకు పరీక్షలని పగటి డ్యూటీకి మారిందంతే.
సరిగ్గా ఒకటీ నలభైకి క్యారేజీ మూత తీసేది,
నెత్తళ్ల పులుసు వాసనకి
డ్రైవర్లు కిటికీలోంచి తొంగిచూసేవారు.
"బేగి తినేయే, మళ్లీ బండి వత్తాది" అనేది.
ఆ బండ్లు ఇప్పుడూ వస్తున్నాయి.

ఫిబ్రవరి నుంచి నాలుగు కిలోలు పెరిగాను.
కాటా అబద్ధం చెప్పదు గాని
ఏ సరుకో చెప్పదు.

కాన్వెంట్ జంక్షన్లో చోడి అంబలి అమ్మే పైడమ్మకి
ఒక పొద్దున్న ఎందుకో చెప్పేశాను.
గరిటె తిప్పడం ఆపకుండానే అంది:
"ఆకలైతే ఏటిచ్చినా తింతాది తల్లీ,
అంబలైనా, నిన్నటి గంజైనా.
కారప్పూసే కావాలని పేరెట్టి అడిగిందా,
అది కడుపు కాదు, ఇంకేటో.
అడగనీ. కాసేపు ఇను."

అప్పట్నుంచి ఒకటీ నలభైకి అడుగుతున్నాను:
అంబలిస్తే తాగుతావా?
పంతం పట్టిన పిల్లలా మొహం తిప్పుకుంటుంది.
అయితే నువ్వు ఆమె కాదులే, అంటాను.
అన్నంత మాత్రాన పోదు.
మొన్న బుధవారం ఒక డ్రైవరు
చీటీ ఆలస్యమైందని నోటికొచ్చింది అని పోయాడు.
ఆ రాత్రి పొట్లం మొత్తం తినేసి
కాగితానికంటిన ఉప్పు కూడా వేలితో తీశాను.
దాచడం దేనికి, అదీ చీటీలోకే ఎక్కాలి.

నిన్న మాత్రం సగంలో ఆపి
పొట్లం మూతికి స్టేప్లర్ కొట్టాను, మూడు పిన్నులు.
గుమ్మంలో నిలబడి నీళ్లు తాగాను.
డాల్ఫిన్ నోస్ మీద దీపం
చీకట్లో ఎవరినో వెతికి వెతికి
మళ్లీ నా దాకా వచ్చింది.
ఆరు లారీలు తూచేసరికి
లోపలి గొడవ కొంచెం సద్దుమణిగింది.
నూకరత్నం గుర్తొచ్చింది, అంతే.
అంత చిన్న మాటకి ఇన్నాళ్లూ ఇంత కారప్పూస.

పొద్దున్న ఆరింటికి అసలుది బయల్దేరింది.
గూడ్సు బండిలా మెల్లగా,
చాలా దూరం నుంచే పట్టాల్లో తెలుస్తూ.
పేర్లు పెట్టలేదు. ఏదైనా సరే అంది.

అంబలి దగ్గరికి పోకుండా
గేటు బయట పావుగంట ఆగాను.
బస్సు దిగి నూకరత్నం నన్ను చూసి ఆగింది.
"ఏటే, ఇంకా ఇంటికెల్లలేదా?"
ఆకలేస్తోంది, అన్నాను.
ఏ ఆకలని అడగలేదు తను.
పోర్టు గోడ మీద క్యారేజీ పెట్టి మూత తీసి
"సగం ఉంచు, మద్దేనం నాకూ ఆకలేత్తాది" అంది.