ఏడో నంబరు

షువైఖ్‌లో కోళ్ళ గోదాము.
లోపల మైనస్ పద్దెనిమిది, బయట నలభై ఎనిమిది.
బయటికొచ్చిన ప్రతిసారీ కళ్ళజోడు గుడ్డిదవుతుంది,
లుంగీ అంచుతో తుడుచుకునే అలవాటు,
ప్యాంటులో ఉన్నానని అప్పుడు గుర్తొస్తుంది.

పదహారు కెమెరాలు.
నేను పదో తరగతి తప్పిన ఏడాది బిగించినవట.
కొత్తవి వేద్దామంటే ముదీర్ నవ్వాడు.
"కళ్ళు బాగానే ఉన్నాయి కదా మస్తాన్, ఎందుకు పీకడం?"

నిజమే, కళ్ళు బాగున్నాయి.
చూసింది చెప్పుకోను దిక్కులేదు.
పాత రికార్డరు చచ్చిపోయింది,
కొత్త నెట్‌వర్కుకి వాటి మాట తెలీదు.

అందుకే ఈ ఎన్‌కోడర్.
బిస్కెట్ల డబ్బా అంత ఉంటుంది.
పదహారు నల్ల తీగలు వెనక నుంచి దూరతాయి,
ఒక్క నీలం తీగ బయటికొస్తుంది.
మొదట అంతా నలుపూ తెలుపూ.
పాల్ అని మార్చాక
కోళ్ళ అట్టపెట్టెల మీద పసుపు పుట్టింది.

నేనూ ఇక్కడ ఇదే పని చేస్తుంటాను, జీతం లేకుండా.
ఫోర్క్‌లిఫ్ట్ ఓబులేసుకి రెండ్రోజుల కూలి కోసినప్పుడు
వాడన్న మాటలు అరబ్బీలోకి దించింది నేనే.
పది తిట్లు లోపలికి పోయాయి,
"ఇతనికి కొంచెం బాధగా ఉంది సార్" అని బయటికొచ్చింది.
దీన్నే కంప్రెషన్ అంటారు.

ఈ పెట్టెకి ఇంకో గుణం ఉంది.
గోడని ఒకసారి చెప్పి ఊరుకుంటుంది.
ఆ తర్వాత కదిలినదాన్నే పంపుతుంది.
కదలకుండా కూర్చుంటే
మనిషి కూడా గోడలో కలిసిపోతాడు.

"ఏడో నంబరులో" అన్నాడు ముదీర్,
"ఆ వాచ్‌మన్ పది నిమిషాలు కదలకపోతే
నా ఫోను మోగాలి. అవుతుందా?"

అవుతుంది.
అవదని చెప్పడం నాకు ఏ భాషలోనూ రాలేదు.

రాజలింగును కుర్చీలో కూర్చోమన్నాను.
చెయ్యెత్తమన్నాను, దించమన్నాను.
ఇక్కడ దించేశాడు,
తెర మీద ఇంకా ఎత్తే ఉంది.
అర సెకను వెనక.
"గదేంది మస్తాన్ భాయ్, నా చెయ్యి నా మాట ఇంటలేదా?"
నవ్వాడు. తెర మీద ఆ నవ్వు కూడా ఆలస్యంగానే వచ్చింది.

పొద్దంతా సరుకు దింపుతాడు, రాత్రంతా కాపలా.
రెండు పనులకి ఒకే జీతమని
అతను చెప్పలేదు, రిజిస్టరులో చూశాను.

మౌసుతో కుర్చీ చుట్టూ గడి గీయాలి.
గడిలో కదిలితే మనిషి మేలుకున్నట్టు.
కుర్చీ పక్కనే చలిగది గుమ్మం,
గుమ్మానికి ప్లాస్టిక్ పట్టీల తెర.
లోపలి ఫ్యాను గాలికి
అది ఇరవైనాలుగు గంటలూ ఊగుతూనే ఉంటుంది.
ఇలాంటివి గడి బయట పెట్టాలి.
నేను నేర్చుకున్న మొదటి పాఠం అదే.

గీత అక్కడిదాకా తెచ్చాను.
కళ్ళజోడు మీద మంచు పట్టిందేమో,
తుడుచుకోలేదు.
ఒక వేలెడు ఎక్కువ లాగాను.

సేవ్ నొక్కి సామాను సర్దుకున్నాను.
ముదీర్ కాగితం మీద సంతకం పెట్టి,
"పక్కాగా ఉందా?" అన్నాడు.
"పక్కా" అన్నాను అరబ్బీలో.

ఇప్పుడు రాత్రి రెండయ్యుంటుంది.
రాజలింగు తల ఛాతీ మీదికి వాలి ఉంటుంది.
అతని భుజం పక్కన ఒక ప్లాస్టిక్ పట్టీ
ఇటూ అటూ