చుక్కల సున్న

గుంటూరులో వీధిని వీధి అనం, లైనంటాం.
అరండల్‌పేట, ఎనిమిదో లైను, అడ్డరోడ్డు మలుపులో
మెట్ల కింద మా డీటీపీ షాపు.
పెళ్లికార్డులూ, కరపత్రాలూ, మిర్చి టిక్కీల మీది లేబుళ్లూ.
ఇరవై రెండేళ్లుగా నా వేళ్లు
అను కీబోర్డు తప్ప ఇంకో బడికి పోలేదు.

కరెంటు వచ్చిన కాసేపటికి జకరయ్యగారొచ్చారు,
ఫోన్ని దోసిట్లో నీళ్లలా పట్టుకుని.
“అమ్మాయి పంపిందమ్మా, బండ మీదికి.
ఎంతసేపు, ఒక్క పేరేగా.”

ఒక్క పేరే.
జ్ఞానరత్నమ్మ.

వాళ్లమ్మాయి యాపిల్ కంప్యూటర్లో నిండుగా కూర్చున్న పేరు
నా పేజ్‌మేకర్లో కాలు పెట్టగానే
వరసగా ప్రశ్నార్థకాలు. లెక్కపెట్టాను.
అయిదక్షరాల మనిషికి పన్నెండు.
“ఇదేంటమ్మా, ఇన్ని అడుగుతోంది?” అన్నారాయన.

పక్క సిస్టంలో తెరిచాను.
ప్రశ్నలు పోయి పెట్టెలొచ్చాయి,
ఇల్లు ఖాళీ చేసేరోజు గుమ్మంలో పేర్చినట్టు.
ఫాంటు మార్చాను.
జ వచ్చింది, నెత్తిన పొల్లుతో, ఒంటరిగా.
వత్తు మాత్రం పక్కకి జరిగి
ఒక చుక్కల సున్నని పట్టుకుని వేలాడింది.

పైన అక్షరం దొరకని వత్తుకి
మిషను గీసే సున్న అది.
ఇక్కడెవరో ఉండాలి, లేరు, అని.
ఆ సంగతి ఆయనకి చెప్పలేదు.

“గేనరత్నం అని కొట్టనా, బాబాయ్?
అందరూ పిలిచేది అలాగేగా.
గే, న. ఏ మిషనూ నోరెత్తదు.”

కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడిచారు. చాలాసేపు తుడిచారు.
“రేషన్ కార్డులో గేనరత్నం.
పొగాకు కంపెనీ మస్టర్లో నానరత్నం.
ఆధార్లో జ అని రాసి, కాస్త ఎడం ఇచ్చి, నానరత్నం.
ముప్పై ఏళ్లు గ్రేడింగు చేసిందమ్మా,
కళ్లు మూసుకుని వాసన చూసి చెప్పేది, ఏ ఆకు ఏ రకమో.
బండ మీదైనా...”
అక్కడే వదిలేశారు.

నాకు తెలుసు ఆ బాధ.
మస్తాన్‌బీ అని నా పేరు తిన్నగా నిలబడాలంటే
న్‌కీ బీకీ మధ్య
కంటికి కనబడని అక్షరమొకటి కొట్టాలి.
మరిచిపోతే బీ వెళ్లి న కింద నక్కుతుంది.
ఓటరు కార్డులో నేనింకా అలా నక్కే ఉన్నా.

బండలు చెక్కే కుర్రాడికి ఫోన్ చేశా, నల్లపాడు రోడ్డు.
“అక్కా, మా మిషన్‌కి ఉన్నది ఎక్స్‌పీ.
యూనికోడ్ పంపితే పురుగులు పాకుతున్నై.”
అనులో కొట్టి పంపా. వాడి అను వేరే వర్షన్,
న వత్తు కాస్తా దీర్ఘమై కూర్చుంది.
పీడీఎఫ్ పంపా. తెరుచుకోలేదు.
టీ చల్లారింది. షట్టరు సగం దించా.

తొమ్మిదింటికి ఇక ఆఖరి దారి:
పేరు మొత్తాన్ని కర్వ్స్ చేశా.
ఇప్పుడది అక్షరాలు కాదు, ఉత్త గీతలు.
వెతికితే దొరకదు, తప్పుంటే దిద్దలేం,
తాను జ్ఞా అని దానికే తెలియదు.
బొమ్మైపోయాక మాత్రం
ఏ మిషనూ నీదే ఊరని అడగదు.

ఫైలుకి తెలుగు పేరు పెడితే మళ్లీ మొరాయిస్తుందని
ఇంగ్లీషులోనే పెట్టా: స్టోన్ ఫైనల్ ఫైనల్ టూ.

నాలుగో రోజు ఫొటో పంపారు జకరయ్యగారు.
నల్లరాయి. చుట్టూ తడారని సిమెంటు.
వత్తు, జ కిందే ఒదిగి ఉంది.
ఫొటో కింద ఆయన కొట్టిన మాట
నా పాత ఫోన్లో సగం పెట్టెలుగా దిగింది.
పెట్టెలకి పెట్టెలే చదువుకున్నా.

ఇంతలో యార్డు నుంచి ఎవరో కుర్రాడు:
“అక్కా, టిక్కీల మీదికి తేజ అని కొట్టు, పెద్దగా.”
తే. జ.
మొదటి దెబ్బకే వచ్చింది, ఏ గొడవా లేకుండా.
వాడు డబ్బులిచ్చి వెళ్లాక కూడా
కింద ఏమీ లేని ఆ జ వంకే చూస్తూ కూర్చున్నా.