అసిరమ్మా, కచేరీకెల్తే

బేగి ఎల్లు.
ఆరున్నరకని పాసు మీద రాసుంటాది,
ఏడు దాటితే గానీ మొదలెట్టరు, అయినా బేగి ఎల్లు.
మూడు లాంతర్ల కాడ ఆటో దిగి నడిసెల్లు.
ఉతికిన సీర సాలు.
నాను వొంటికి జనుము వాసనొస్తాదేమోనని
రెండుసార్లు నీళ్లోసుకున్నాను.
ఎవులూ వాసన సూడరు. అక్కడందరూ
ఎవులి పక్కన ఎవులు కూకున్నారో సూసుకోడంలో ఉంటారు.

పాసు టైమాఫీసు భానోజీరావు ఇచ్చినాడు,
ఆళ్లింట్లో ఎవులికో జొరం, సీటు కాళీ అవుతాదని.
"నీకేటి తెలుస్తాదే" అని నవ్వినాడు కూడా.
ఆ నవ్వు నెల్లిమర్ల బస్సులోనే ఒగ్గీసినాను.

ముందు వరసలో కూకోకు, పెద్దోళ్లొచ్చి నెగమంటారు.
మద్దిన కూకో.
తెర తీసేసరికి ఒక గుంట, కళ్లజోడు, నీ కోడలంత వొయిసు,
ఫిడేలు గుండెకీ పాదానికీ మద్దిన నిలబెట్టి
కీసు కీసుమని తీసినాది.
నాను అదే పాటనుకున్నాను.
బాగుందనుకున్నాను.
సప్పట్లు కొట్టీసినాను, ఒక్కదాన్నే.
అది శ్రుతి సేసుకోడమంట.
పక్కనున్న ముసలాయన నవ్వనేదు.
"నాకూ అదే ఇష్టమమ్మా" అన్నాడు.

ఒక సిన్న కరెంటు పెట్టుంటాది.
దాన్నెవులూ వాయించరు, ఒక్కలాగే మోగుతాది.
రేతిరి షిఫ్టులో క్యాంటీను బల్ల మీద కూకుంటే
గోడవతల స్పిన్నింగు ఖాతా వినపడతాది సూడు,
దూరంగా, మనది కానట్టు. అలగ.

తాళం మాట.
ముసలాయన తొడ మీద లెక్కెడతన్నాడు,
అరిసెయ్యి, సిటికినేలు, ఉంగరమేలు, నడిమేలు,
మల్లీ అరిసెయ్యి, తిరగేసి.
మూడుసార్లు తప్పి నాలుగోసారి పట్టుకున్నాను.
పట్టుకున్నాక ఒగ్గబుద్ధెయ్యదు.
కూలి లెక్కెట్టినట్టే ఉంటాది గానీ
ఎవులికీ బాకీ తేలదు.

నిద్దరొస్తాది. సిగ్గు పడకు.
అన్నం ఉడికినంత సేపు ఒక్క మాట మీదే తిరుగుతారు.
కళ్లు మూసుకుంటే
ఆనందంలో ఉన్నావనుకుంటారు పక్కోళ్లు.

అప్పుడు, ఇది సెప్పాలనే ఇంతసేపు సెప్పినాను,
అప్పుడు ఎక్కడో ఒక పోగు సన్నబడినట్టనిపించినాది.
నీకు తెల్సు గదా, అంత రొదలోనూ
మన కుదురు ఒక్కటి బరువు తప్పితే ఈపుకి తెలుస్తాది.
అలగ. తెగకముందే.
నెగిసిపోయినాను అసిరమ్మా.
అంతమంది మద్దిన నిలబడిపోయినాను,
బొటనేలూ సూపుడేలూ ముడెయ్యడానికి
ఆటికవే ముందుకొచ్చీసినాయి.
అప్పుడు తెగినాది, టప్పుమని.

మేస్త్రీ రానేదు.
ఆగిన నిమిషానికి ఎవులూ కూలి కొయ్యనేదు.
మద్దెలాయన ఏటీ జరగనట్టు వాయిస్తానే ఉన్నాడు.
ఆ గుంట సంచీలోంచి కొత్త తీగ తీసి,
ఎక్కించి, మేకు తిప్పి తిప్పి,
సెవి దగ్గరెట్టుకుని తల పైకెత్తినాది.
నాను ఇంకా నిలబడే ఉన్నాను గదా, నన్నే సూసినాది.
తల ఇలగ ఆడించినాది.
నెగినందుకు గావాల, కూకోమని గావాల.
కూకున్నాను.
మల్లీ కీసు కీసు. ఈసారి నాను పల్లకున్నాను.
ముసలాయన కొట్టినాడు సప్పట్లు, ఒక్కడే.

ఆకరి బస్సు తొమ్మిదింపావుకి.
మంగళం పాడకముందే నెగాల,
సెప్పులు సేత్తో పట్టుకుని జారిపో.
నాను జారనేదు. ఆటోకి నూటిరవై పోయినాది.
ఇంట్లో ఓటీ అని సెప్పినాను, నువ్వూ అదే సెప్పు.

ఒకటి మరిసిపోతన్నాను.
సెవుల్లో దూది, గుమ్మం కాడే తీసీ.
మిల్లు నుంచి తిన్నగా ఎల్తాం గదా, గ్యాపకముండదు.
నాను కుడి సెవిది తీసి ఎడమది మరిసిపోయినాను.
ఇదంతా ఒక్క సెవితో ఇన్నదే.