మూడో నంబరు కడుపు

కొడుంగైయూర్‌లో మా ప్లాంటుకు ఇంక జాగా లేదు.
ఒక పక్క చెత్త కొండ, ఒక పక్క కాలువ,
మిగతా పక్కల ఇళ్లు వచ్చేశాయి.
వచ్చిన ప్రతి ఇల్లూ తెల్లారగానే
ఒక తొట్టి నీళ్లు లాగి మాకు పంపుతుంది.

కొత్త డైజెస్టర్ కట్టాలన్నారు పెద్దలు.
ఎక్కడ? అంది కయల్విళి మేడం.
ఫ్యాను తిరిగింది.

ఆ మధ్యాహ్నం నన్నడిగింది:
"ఏకాంబరం, దీనికి మనం ఏం పెడుతున్నాం?"
బురద, అన్నాను.
"కాదు. నీళ్లు. నూటికి తొంభై ఏడు పాళ్లు."

సూళ్లూరుపేటలో మా అమ్మ
కూలి దొరికిన రోజు సంగటి కెలికేది,
దొరకని రోజు గుప్పెడు పిండితో అంబలి.
అదే గిన్నె. రెండు పూటలా నిండుగానే కనిపించేది.
ఇరవై రెండేళ్లుగా మూడో నంబరుకు
మేం అంబలి పోస్తున్నాం.

ముందు అడుగు తోడాలి.
మనిషి దిగకూడదని మేడం కాగితం మీద రాసి
సంతకం పెట్టింది.
మా మేనమామ దిగిన గుంత సంగతి
ఆమెకు నేనెప్పుడూ చెప్పలేదు.
పైనుంచి గొట్టాలే దిగాయి.
ఇసుక. లారీలు లారీలు ఇసుక.
వరదలొచ్చిన ఏళ్లన్నీ అక్కడే పడుకున్నాయి,
వెంట్రుకల ఉండలు, చొక్కా గుండీలు,
ఏ చంటిదానిదో ఒక వెండి మువ్వ.
పావు కడుపు రాయి మోస్తూ
ఇన్నాళ్లూ ఎట్లా అరిగించుకుందో!

తర్వాత బురదను చిక్కబరిచే యంత్రం వచ్చింది,
కదలని మూలల్ని కలియబెట్టే రెక్కలొచ్చాయి.
వేడి ముప్పై ఐదు, తగ్గడానికి లేదు.
సంగటి సిద్ధం.
ఆశ ఆగుతుందా, మొదటి వారమే రెట్టింపు పెట్టాం.
అయిదో రాత్రి, పొయ్యి మీద పాలలాగా
నురగ మూత తోసుకుని మెట్లు దిగింది.
నా షిఫ్టే. చీపురు, హోసు, తెల్లారేదాకా నేనూ అదీ.
పస్తున్నవాడి ముందు ఒక్కసారే విందు పరచకూడదని
తెలిసీ మరిచాను.

ఆపైన రోజుకింత, ఉగ్గు పెట్టినట్టు.
లోపలి జీవాలు కంటికి ఆనవు,
అలిగితే మాత్రం వాసన పులుస్తుంది.
మూడు నెలలకు ఒప్పుకున్నాయి.

అవే గోడలు. దాదాపు రెండింతలు అరుగుతోంది.
గ్యాసు మీద ఇంజను రాత్రంతా ఆగదు.
కొత్త ట్యాంకయితే రిబ్బనుండేది, శిలాఫలకముండేది.
దీనికి కొబ్బరికాయ కూడా ఎవరూ కొట్టలేదు.

పన్నెండు దాటాక
వెచ్చని ఆ గోడకు వీపు ఆనించి డబ్బా విప్పుతాను.
రాత్రిపూట రెండు ఇడ్లీలే అన్నాడు డాక్టరు.
వెనక అది
ఇంకా పెట్టమన్నట్టు గుడగుడమంటుంది.