మెడ

ఆదివారం రాత్రి ఎనిమిదికి
కెమి ఊళ్ళో మంచు మోకాలి దాకా పేరుకున్నాక
మేం ఆరుగురం యుద్ధానికి పోతాం.
ఎవరి గదిలో వాళ్ళం, ఎవరి కాఫీ వాళ్ళదే.

సర్వరు నాది. నిబంధనలూ నావే.
మొదటిది: బయటి కెమెరా మూసేశాను.
కాక్‌పిట్‌లో కూర్చున్నవాడు
తన తోక వెనక గాల్లో వేలాడుతూ
తన విమానాన్నే తను చూసుకుంటే
అది దొంగచూపు కాక మరేమిటి?
మబ్బు చాటున నక్కినవాణ్ణి
మబ్బుకే తెలియకుండా చూడటం
పేకాటలో ఎదుటివాడి వెనక అద్దం పెట్టడమే.

యుర్యానా ఒప్పుకోలేదు.
"తెర మీద నాకు దొరికేది కిటికీ అంత ఆకాశం.
నిజం విమానంలో వీపు చెప్తుంది,
ఇంజను వణుకు అరికాళ్ళకి చెప్తుంది.
అవన్నీ కోసేసి, మిగిలిన ఒక్క చూపుకీ
గానుగెద్దుకి కట్టినట్టు గంతలు కట్టి
దీన్ని వాస్తవం అంటావా?"
అతని మాటలో న్యాయం ఉంది.
ఓడిపోయిన రాత్రే అది అతనికి గుర్తొస్తుందని
నాకు అనుమానం.
గడియ తియ్యలేదు నేను.

తైస్తో ఏమీ అనలేదు.
డెబ్బై ఒకటో ఏడు. రేవులో క్రేను నడిపినవాడు.
మెడ ఎముకలు రెండు కలిపి బిగించారు ఆసుపత్రిలో.
తల తిప్పితే తెర తిరిగే పరికరం కొన్నాడు,
తలే తిరగదు.
డబ్బాలో పెట్టి తెచ్చి నాకిచ్చేశాడు.

ప్రతి ఆదివారం మొదట కూలేది అతనే.
ప్రతిసారీ వెనక నుంచే.
"సరే, కాఫీ పెట్టుకుంటా" అంటాడు మైకులో.
అంతే.

ఆట ముగిశాక రికార్డింగు చూస్తాను నేను.
అక్కడ నాకు ఏ నిషేధమూ లేదు,
దేవుడి భుజమ్మీద కూర్చుంటాను.
జనవరిలో ఒక రాత్రి
తైస్తో విమానం పక్కన కెమెరా నిలిపాను.
నేరుగా పోతూ పోతూ
ఎడమకి ఒరిగింది కాస్త.
మళ్ళీ కుడికి.
తోక పక్కకి జరిగి, తిరిగొచ్చి, మళ్ళీ జరిగి.
చేతకానితనం అనుకున్నాను.
వెనక్కి తిప్పి చూశాను. ఇంకోసారి.
అప్పుడు తట్టింది:
మెడ తిప్పలేని మనిషి
మూడు టన్నుల ఇనుముని తిప్పుతున్నాడు,
వెనక ఎవరైనా ఉన్నారేమోనని.

ఆ రాత్రి నిద్ర పట్టలేదంటే అబద్ధం. పట్టింది.
కాని తర్వాతి ఆదివారం
జట్లు మార్చాను, కారణం చెప్పకుండా.
అతని కుడిపక్క, కాస్త వెనక, కాస్త ఎత్తున
నేను ఎగిరాను.
"ఐదు గంటల వైపు, కింద, ఇద్దరు" అన్నాను.
ఆకాశంలో బయటి కన్ను అంటే
అసలు ఇంతే కదా, ఇంకో మనిషి.

తైస్తో విసుక్కున్నాడు:
"నాకోసం నిబంధన వంచావా, పిన్యా?"
"వంచలేదు. నా కళ్ళు నా కాక్‌పిట్‌లోనే ఉన్నాయి."
"ఊఁ" అన్నాడు. అది ఒప్పుకోలో కోపమో
ఇప్పటికీ తెలీదు.
ఆరో నిమిషంలో నేను కూలిపోయాను,
ఏడో నిమిషంలో అతను.
యుర్యానా చాలాసేపు నవ్వాడు.

సోమవారం పొద్దున
పనికి పోతూ అతని గ్యారేజీ ముందు ఆగాను.
పాత వోల్వోని వెనక్కి తీస్తున్నాడు
అద్దాల మీద మంచు గోకకుండానే.
కారు ముక్కు ఎడమకి, కుడికి ఊగుతోంది.
నన్ను చూడలేదు. చూడలేడు.
రోడ్డు మధ్యకి పోయి నిలబడి
ఉన్ని తొడుగు చెయ్యి పైకెత్తాను.
అతను కిటికీ అద్దం కొంచెం దించాడు.

"రానీ" అన్నాను, "రానీ... ఇంకా రానీ..."