ఆలస్యం రిజిస్టరు

తాళ్ళరేవు కాలేజీ. భోజనాల గంటకి ముందు పీరియడు.
సుద్దముక్క అరిగిపోయి గోరు బోర్డుకి గీసుకుంటోంది.
సైన్ ఎక్స్ గీశాను. దాని పక్కనే
సైన్ ఆఫ్ ఎక్స్ మైనస్ సి.
"వంపు కుడివైపు జరిగింది, రాసుకోండి" అన్నాను.
రాసుకున్నారు.
ఇరవై రెండేళ్ళుగా రాసుకుంటూనే ఉన్నారు.

వెనక బెంచీలోంచి ఒక గొంతు:
"మైనస్ అంటే వెనక్కి కదండీ,
ముందుకెందుకు జరిగిందండీ?"
ఎక్స్ బదులు సి పెట్టు, సున్నా వస్తుంది, అన్నాను.
గొంతులో ముల్లుందంటే
అన్నం ముద్ద మింగించినట్టు.

అప్పుడే గుమ్మంలో కామాడి నూకరత్నం.
యూనిఫాం అంచు తడిసింది, చెప్పులు చేతిలో ఉన్నాయి.
రిజిస్టరు తెరిచాను.
సోమవారం వేళకే. మంగళవారం యాభై నిమిషాలు.
బుధవారం గంటా నలభై.
ఇవాళ రెండున్నర గంటలు.
"పోటెక్కితేగానీ మా పడవ ఇసకమీంచి లేవదండి.
పోటు రోజుకి రెండు గడియలు వెనకబడుద్దండి."
"అయితే తప్పు చంద్రుడిదన్నమాట."
"ఆయ్" అంది.
వెటకారం తెలియలేదో, తెలిసే వదిలేసిందో.

శిక్షగా బోర్డు దగ్గరే నిలబెట్టాను.
కాసేపు రెండు వంపుల్నీ చూసి
మొదటిదాని మీద వేలు పెట్టింది.
"ఇది మా భైరవపాలెం మొగండి.
ఆ రెండోది యానాం రేవండి.
మొగలో నిండిన గంటకిగానీ రేవులో నిండదండి.
ఇప్పుడు యానాంలో నీరెంతో కావాలంటే
గంట కిందట మా మొగలో ఎంతుందో చూడాలండి.
తీసేసేది గడియారంలోంచండి,
నీళ్ళలోంచి కాదండి."

ఫ్యాను కిర్రుమంటోంది.
నేను సుద్దముక్క ఆమె చేతిలో పెట్టాను.

అమావాస్యకి ఇంత, అని బోర్డు పైదాకా గీసింది.
అష్టమికి ఇంతే, అని బెత్తెడు.
"కోటిపల్లి దాటాక బక్కచిక్కిపోద్దండి.
ధవళేశ్వరం ఆనకట్ట కాడ
ఇంక స్కేలు పెట్టి తిన్నగా గీసేయొచ్చండి."
క్లాసు నవ్వింది. ఈసారి ఆమె కూడా.

చివర్న ప్లస్ డి రాశాను నేను.
"ఇది వంపుని మొత్తంగా పైకెత్తుతుంది,
ఆకారం మాత్రం మారదు."
అన్నిటికన్నా దాన్నే ఎక్కువసేపు చూసింది.
"మా నాన్న రాటకి గాట్లు పెడతాడండి,
ఏటా పెద్దపోటు ఎందాకా వచ్చిందో.
నే పుట్టిన్నాటి గాటు ఇప్పుడు నీళ్ళలో ఉందండి.
పోటు పోటేనండి, పాటు పాటేనండి,
అన్నీ ఎప్పట్లాగే ఉంటాయండి.
పొయ్యి మాత్రం రెండుసార్లు జరుపుకున్నాం."

బెల్లు కొట్టారు.
ఎవరూ కదల్లేదని అబద్ధం చెప్పను.
అందరూ లేచారు, ఆకలి.
బోర్డు మీద డి చుట్టూ
ఎవరిదో తడివేలి ముద్ర ఆరుతోంది.

సాయంత్రం లెక్కవేశాను.
రేపు ఆమె వచ్చేసరికి ఒంటిగంటకి పది తక్కువవుతుంది.
నా పీరియడు మధ్యాహ్నానికి మార్చమని
ప్రిన్సిపాలుగారికి అర్జీ రాశాను.
కారణం అన్న గడి దగ్గర
పెన్ను చాలాసేపు ఆగింది.
కుడివైపు జరపడానికి,
అని రాశాను.